హాజరీ పట్టీలో కొండయ్య

లేక్ మార్కెట్, కోల్‌కతా
5 జనవరి 2009

కొండయ్యగారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు. నా పేరు జ్ఞానప్రసూన, మాది రాజమండ్రి. షాలిమార్ దగ్గర మీరు పనిచేసిన రంగుల ఫ్యాక్టరీకి కోల్‌కతాలో హెడ్డాఫీసు ఉంది కదా, అందులో ఆఫీసర్ని. కాంట్రాక్టరు పుస్తకంలో మీ ఊరి చిరునామా కనిపించింది. తెలుగువారే కదా, ఇంగ్లీషు ఫారాలు ఎందుకని తిన్నగా ఉత్తరమే రాస్తున్నాను.

ఈ ఏడు మా కంపెనీ మొట్టమొదటిసారి ఒక నివేదిక వేస్తోంది. లాభనష్టాల నివేదిక కాదు. ఎన్ని నీళ్ళు తోడాం, ఎంత మురుగు గంగలో వదిలాం, పనివాళ్ళలో ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరైనా పోయారా, ఇవన్నీ దాచకుండా లోకానికి చెప్పాలి. జీఆర్ఐ అని విదేశాల్లో ఒక సంస్థ ఉంది. ఏమేమి చెప్పాలో వరసగా అదే రాసిపెట్టింది. కాంట్రాక్టు మనుషుల్ని కూడా లెక్కలో వెయ్యాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ పుస్తకం తయారుచేసే పని నా నెత్తిన పడింది.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీ పుస్తకంలో నవంబరు పద్నాలుగున ఒక వాక్యం ఉంది: ‘కొండయ్య, మురుగు తొట్టిలో స్పృహ తప్పాడు, హౌరా ఆసుపత్రికి పంపాం.’ ఆ తర్వాత ఏమైందో ఎవరూ రాయలేదు. కాంట్రాక్టరు పుస్తకంలో మాత్రం పదహారో తారీకున ‘కొండయ్య దేశం వెళ్ళాడు’ అని, అంటే సొంతూరికి వెళ్ళారని ఉంది. రెండు రోజుల్లో రైలెక్కేంత కోలుకున్నారా? ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది? రెండు ముక్కలు రాయండి చాలు. మీకు తగ్గిందని తెలిస్తే ‘దెబ్బలు’ అన్న వరసలో ఒకటి వేసి ముందుకెళ్తాను.

ఇట్లు,
జ్ఞానప్రసూన


సింగుపేట, టెక్కలి తాలూకా
19 జనవరి

అమ్మగోరికి కొండయ్య దండాలు.

మీ ఉత్తరం అందినాది. పోస్టుమేను కవరు మీద ‘కొండయ్యగారు’ అని సదివీసరికి ఇంట్లో అందరూ ఒకటే నవ్వు. నన్ను గారు అన్నోలు ఈ ఊల్లో నేరు, కలకత్తాలోనూ నేరు.

నాను బాగున్నాను. మోకాలు నొప్పి తప్పితే ఒంట్లో ఏటీ నేదు. తొట్టి పని సేసినోడికి తల తిరగడం వింతేటి? మడిసి బతికున్నాడని రాసుకోండి. నా వల్ల మీ లెక్కకి వొంక రాకూడదు.

ఒక్క మాట తల్లీ. ఆ తొట్టిని మావు చౌబచ్చా అంటాం. దాని మూత ఇప్పుడు ఎవులు తీస్తన్నారు, నోపలికి ఎవుల్ని దించుతన్నారు? తెలిస్తే రాయండి. తెలీకపోతే ఒగ్గీయండి.

కొండయ్య


లేక్ మార్కెట్
8 ఫిబ్రవరి

కొండయ్యగారికి,

మీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. మా పైఆఫీసరు త్యాగరాజుగారికి చదివి వినిపిస్తే, ‘భేష్, సాక్ష్యమంటే ఇదీ’ అన్నారు. దాన్ని ఫైల్లో పెట్టి, ‘మరణాలు’ అన్న వరసకి ఎదురుగా సున్నా వేశాను. ఏప్రిల్లో బయటినుంచి తనిఖీకి ఒకావిడ వస్తుంది. మేం రాసిన ప్రతి అంకెకీ ఆవిడకో కాగితం చూపించాలి. ఈ సున్నాకి మీ ఉత్తరమే కాగితం.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది! నా బుద్ధి ఊరుకోదు కదా. మూత ఎవరు తీస్తున్నారని అడిగారుగా, అది చెబుదామని తొట్టి మనుషుల హాజరీ పట్టీ తెప్పించాను. జనవరి నెలలో కొండయ్య పేరు మీద ఇరవై రెండు హాజర్లు ఉన్నాయి. పంతొమ్మిదో తారీకున కూడా ఉంది. సరిగ్గా మీరు సింగుపేటలో కూర్చుని నాకు ఉత్తరం రాసిన రోజున, మీరే షాలిమార్‌లో మూత తీసి తొట్టిలోకి దిగారన్నమాట!

గుమస్తా పొరపాటా? పొరపాటైతే ఒక రోజు పడుతుంది, రెండు రోజులు పడుతుంది. ఇరవై రెండా? ఆ పేరు మీద దిగుతున్నది ఎవరు? నవంబర్లో ఆసుపత్రికి వెళ్ళింది మీరేనా? కోపగించుకోకుండా చెప్పండి.

జ్ఞానప్రసూన


సింగుపేట
20 ఫిబ్రవరి

అమ్మగోరికి,

బాగున్నానని రాసినాను. సున్నా ఏసుకున్నారు. మీ పైఆఫీసరు బేష్ అన్నాడు. మరి ఇంకేటి గావాల మీకు?

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. మా పుండు పొడవడానికి మీకు టెక్కలి దాకా రావాలేటి? పేరు అన్నది కుండా మూకుడూ కాదు గదా, ఇంకొకడు వాడితే పగిలిపోడానికి. ఎవుడి కట్టం ఆడిది. పేరు నాదయితే మీకేల? గేటు కార్డు మీద ఫొటో అడగనోలు ఇప్పుడు మొకం అడుగుతన్నారేటి?

నాకు మరి రాయకండి. ఆ గుంటడి జోలికి ఎల్లకండి.

కొండయ్య


లేక్ మార్కెట్
12 మార్చి

కొండయ్యగారికి,

రాయొద్దన్నారు, రాస్తున్నాను. తిట్టుకోండి. ‘ఆ గుంటడు’ అని మీరే రాశారు. దిగేది ఒక కుర్రాడని తెలిశాక ఎలా ఊరుకోను?

పోయిన వారం మంగళవారం లాంచీ ఎక్కి గంగ దాటి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. ‘కొండయ్య’ అని పిలిచారు. ‘హాజిర్’ అంటూ ఇరవై ఏళ్ళ కుర్రాడు ముందుకొచ్చాడు. చేతిలో అట్టకార్డు.

“నువ్వు కొండయ్యవా?”

“అవును దిదీ, నానే.”

“నీ వయసెంత?”

“కార్డులో యాభై రెండు” అన్నాడు, నవ్వకుండా. తెలుగులో మాట్లాడుతున్నానని గ్రహించాక వాడి మొహం మారిపోయింది. పేరు వెంకటేశు అనీ, బైరాగి కొడుకుననీ, మీ మేనల్లుణ్ణనీ గొంతు తగ్గించి చెప్పాడు. ఆ ఆదివారమే వాట్‌గంజ్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మీ చెల్లెలు సుందరి నాకు ముందు టీ ఇచ్చింది. తర్వాత ఆపకుండా మాట్లాడింది.

“ఆసుపత్రి గుమస్తా పేరేటని అడిగినాడమ్మా. నా సేతిలో కార్డున్నాది, కార్డులో మా అన్న పేరున్నాది. ఏరే పేరు సెప్తే మంచం ఇయ్యరని బయమేసినాది. కొండయ్య అనీసినాను. సాయంత్రానికి మా ఆయన పోనాడు. ఆసుపత్రోలు ఇచ్చిన కాయితం మీద మా అన్నే సచ్చిపోనాడు. ఆ కాయితం కూడా సర్దార్ పట్టుకుపోనాడు. మొగుడు పోతే అన్న పేరు మీద ఏడిసిన ముండని నానొక్కద్దాన్నే.”

సర్దార్ అంటే ఆ కాంట్రాక్టరే. మీ కాయితం నొక్కేసి, మీరు బతికే ఉన్నారు కాబట్టి ‘దేశం వెళ్ళాడు’ అని రాసుకున్నాడు. జనవరిలో అదే కార్డు వెంకటేశు చేతిలో పెట్టాడు. అదే తొట్టి! తండ్రిని చంపిన తొట్టిలోకి కొడుకుని దించుతున్నారు. మీకిదంతా తెలుసు. తెలిసే నాకు బాగున్నానని రాశారు.

త్యాగరాజుగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, “బతికున్నవాణ్ణి చంపుతానంటావేంటమ్మా? బాగున్నానని స్వహస్తంతో రాశాడుగా, నువ్వే కదా తెప్పించావు” అన్నారు. నిజమే, మీ అబద్ధాన్ని సాక్ష్యంగా మార్చింది నేనే. యూనియన్ ఆఫీసుకి వెళితే అక్కడి దాదా, కాంట్రాక్టు మనుషులు తమ సభ్యులు కారని టీ ఇచ్చి పంపేశాడు. అందరూ నాకు టీ ఇస్తున్నారు!

ఆ సున్నా పేజీ కింద నా సంతకం కావాలి. ఇంకా పెట్టలేదు.

జ్ఞానప్రసూన


సింగుపేట
25 మార్చి

ప్రసూనమ్మకి,

సుందరి ఇంటికి ఎల్లినారని వెంకటేశు ఫోన్‌లో సెప్పినాడు. ఇంక దాసీదేటి? అంతా రాసీస్తన్నాను, సదివి సింపీయండి.

పేరు అరువివ్వడం తప్పని మా ఊరోలకి తెలీదమ్మా. దుక్కికి ఎద్దుని ఇచ్చినట్టే అనుకుంటాం. ఒకడు ఒల్లు సెడి ఊరికొచ్చీసినాడంటే ఆడి కార్డు మీద ఇంకొకడు ఎల్తాడు. మా అయ్య కార్డు మీద నాను పదేల్లు సేసినాను. ఆ పదేల్లూ గేటు కాడ ‘గురవయ్యా’ అంటే పలికీవోణ్ణి. నా మోకాలు పోయినాక బైరాగి బావ నా పేరు మీద ఎల్లినాడు. నెలనెలా నాకూ కొంత పంపీవోడు.

దసరా ఎల్లినాక ఫోన్ సేసినాడు. ‘చౌబచ్చా అడుగున కల్లు మండిపోతన్నాయి బావా, ఊపిరి ఆడ్డం నేదు, ఒగ్గీసి వొచ్చీస్తాను’ అన్నాడు. నానేటన్నానో తెలుసా? ‘ఓర్సుకో బావా, ఒగ్గీస్తే కార్డు పోతాది’ అన్నాను. నెల తిరక్కుండా పోనాడు. ఆ మాట నాను అనకుండా ఉంటే ఆడు బతికీవోడు. ఈ సంగతి సుందరికి ఇప్పటికీ తెలీదు.

దినాలకి కూడా నాను ఎల్లనేదు. సర్దార్ కబురెట్టినాడు, ‘కాయితం మీద నువ్వు సచ్చిపోనావు, సచ్చినోడు వొస్తే అందరం జైలుకెల్తాం’ అని. సొంత సెల్లి తాడు తెగిపోతే ఇంట్లో కూకున్న అన్నని నాను.

నిజం సెప్పమని మీరు అడిగీది నాకు తెలుస్తన్నాది. కానీ అమ్మా, ఆ గేటు కాడ మా ఊరోలు ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఒక్కడిదీ సొంత పేరు కాదు. నాను నోరిప్పితే పదకొండు పొయ్యిలు ఆరిపోతాయి. ఇప్పకపోతే ఆ గుంటడు అందులోకే దిగుతాడు. ముందు నుయ్యి, ఎనక గొయ్యి. మీరు సదువుకున్నోలు, సెప్పండి. మీరు నిజం రాస్తే మా వెంకటేశు పని ఉంటాదా? మా ఊరోలని ఒగ్గీరని రాసిస్తారా?

కొండయ్య


లేక్ మార్కెట్
2 ఏప్రిల్

కొండయ్యగారికి,

రాసివ్వలేను. వెంకటేశు పని ఉంటుందనీ చెప్పలేను, పదకొండు మందిని ఉంచుతారనీ చెప్పలేను. మీరు అంత నమ్మకంగా అడిగాక అబద్ధం చెప్పడానికి మనసొప్పడం లేదు.

నాకు తెలిసినవి రెండే. తనిఖీ ఆవిడ పేరు అరుంధతి. నిన్ననే రావాలి, బంద్ వల్ల రాలేదు. పదిహేడో తారీకు ఉదయం ఫ్యాక్టరీకి వస్తుంది. గేటు దగ్గర నిలబడి, పట్టీలో పేర్లకీ మనుషులకీ సరిపోల్చడం ఆవిడ పద్ధతట. రెండోది, ఇరవయ్యో తారీకున తొట్టి మొత్తం ఖాళీ చేసి అడుగు గీకుతారు. దిగేవాళ్ళ జాబితాలో మొదటి పేరు కొండయ్య.

మీ మొన్నటి ఉత్తరం నా దగ్గరే ఉంది, చింపలేదు. మీరు సరేనంటే దాన్ని అరుంధతిగారికి పంపుతాను. మీరు అననిదే చూపించను. అది మీ బతుకు, నా కాగితం కాదు. మొదటి ఉత్తరంతో ఒకసారి ఆ తప్పు చేశాను, చాలు.

ఇంకో సంగతి. పేజీ మీద సంతకం చెయ్యనన్నాను. ఎనిమిదో తారీకు నుంచి నన్ను ముంబై ఆఫీసుకి వేశారు. అక్కడ ఏదో క్యాంటీన్ కాంట్రాక్టుల పనట. పదిహేడున నేను ఉండను కొండయ్యగారూ. పెట్టె సర్దబుద్ధి కావడం లేదు. చిరునామా వెనక రాశాను.

ప్రసూన


వాట్‌గంజ్, కలకత్తా
18 ఏప్రిల్

ప్రసూనమ్మకి,

నాను వొచ్చీసినాను. ఉత్తరం పంపడమేటి, సచ్చినోడే ఎల్తే పోలేదా అనుకున్నాను. సెల్లి గుమ్మంలో నన్ను సూసి కొట్టినాది. ఊరికినే కాదు, గట్టిగానే కొట్టినాది. తరవాత అన్నం పెట్టినాది. బావతో నాను ఫోన్‌లో అన్న మాట దానికి సెప్పీసినాను. ‘తెలుసు, ఆయన సెప్పినాడు’ అన్నాది. తెలిసీ ఇన్నాల్లూ ఒక్క మాట అన్నేదు నన్ను.

నిన్న పొద్దున్న గేటు కాడికి ఎల్లినాను. ఆ అరుంధతమ్మ కల్లజోడు పెట్టుకోని పట్టీ పట్టుకున్నాది. పక్కన మీ త్యాగరాజుగోరు, ఎనక సర్దార్. ‘కొండయ్య’ అని పిలిసినారు. వెంకటేశు ‘హాజిర్’ అన్నాడు. ఎనక నుంచి నానూ ‘హాజిర్’ అన్నాను. అందరూ ఎనక్కి తిరిగినారు.

“ఆ ముసలి బుడ్డాకి తలకాయ చెడిపోయింది మేడం” అన్నాడు సర్దార్.

ఆయమ్మ నా కాసి సూసి, “మీరు ఎవరు దాదా?” అన్నాది. నాకు బెంగాలీ బాగానే వొచ్చు గదా. కొండయ్య నానే అని సెప్పినాను. ఈడు నా మేనల్లుడు వెంకటేశు, నవంబర్లో ఈ చౌబచ్చాలో పోయినోడు ఈడి బాబు బైరాగి, ముగ్గురికీ కార్డు ఒకటే అని సెప్పినాను. మీ త్యాగరాజుగోరు మీరు ఫైల్లో పెట్టిన నా మొదటి ఉత్తరం తీసినారు. ఇది నువ్వు రాసింది కాదా అన్నారు. “రాసినాను బాబూ. బాగున్నానని రాసినాను. బాగానే ఉన్నాను గదా, మీ ముందే నిలబడ్డాను. పోయినోడి మాట అందులో ఎక్కడున్నాది?” అన్నాను. ఆయమ్మ రాసుకున్నాది. నా సేత సంతకం కూడా పెట్టించుకున్నాది.

మా ఊరోలు పదకొండు మందీ నేల కాసి సూసినారు. సాయంత్రం ఇంటి ముందు ఉమ్మినారు. మీదట ఏటవుతాదో తెలీదు. వెంకటేశుని గేటు నోపలికి రానియ్యడం నేదు. ఇరవయ్యో తారీకు పని ఆపీసినారంట. ఆ గుంటడు నామీద కోపంగా మొకం తిప్పుకోని కూకున్నాడు. కూకోనీ. నా కల్ల ముందు కూకున్నాడు.

కొండయ్య


అంధేరి, ముంబై
30 ఆగస్టు

కొండయ్యగారికి,

పుస్తకం అచ్చయింది. అరుంధతిగారు పట్టుబట్టకపోతే అయ్యేది కాదు. కాంట్రాక్టు మనుషులు మా లెక్కలోకి రారని త్యాగరాజుగారు మూడు నెలలు వాదించారట. వస్తారని జీఆర్ఐ పుస్తకంలోనే ఉందని ఆవిడ వేలు పెట్టి చూపిస్తూ కూర్చుందట. ఆ పేజీ చింపి ఈ కవర్లో పెట్టాను. అడుగు నుంచి మూడో వరస చూడండి. ‘పనిలో మరణాలు, కాంట్రాక్టు సిబ్బంది: 1’. ఇలాంటి పుస్తకాల్లో పేర్లు వెయ్యరు, అంకెలే.

తొట్టి ఇప్పుడు మిషను పెట్టి శుభ్రం చేస్తున్నారు. మీ ఊరివాళ్ళలో ఏడుగురికి వాళ్ళ సొంత పేర్లతో కార్డులిచ్చారు. నలుగుర్ని ఇంటికి పంపేశారు. ఆ నలుగురి మాట తలుచుకుంటే నాకు సంతోషం మిగలడం లేదు. సుందరికి నష్టపరిహారం రావాలంటే ముందు ఆసుపత్రి కాయితంలో పేరు దిద్దించాలి. దానికి నేను అఫిడవిట్ రాసిస్తాను. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వస్తాను.

నేను ఇక్కడ క్యాంటీన్లో పప్పు కొలతలు చూస్తున్నాను. నన్ను మళ్ళీ కోల్‌కతా పంపేలా లేరు.

మీ
ప్రసూన


సింగుపేట
14 సెప్టెంబరు

ప్రసూనమ్మకి,

పేజీ అందినాది. ఎనక్కొచ్చిన నలుగురిలో ఇద్దరు మా ఈదోలే. నన్ను సూస్తే తలుపేసుకుంటన్నారు. ఆల్లది తప్పని నాను అనను. వెంకటేశు ఇసాపట్నంలో లారీ షెడ్డులో సేరినాడు, ఆడి పేరు మీదే. సుందరి ఇప్పుడు నా దగ్గరే ఉన్నాది.

నిన్న పేజీ తీసి దానికి సూపించినాను. సదువు రాదు గానీ అంకెలు తెలుసు. “ఇదేనా?” అన్నాది. ఇదే అన్నాను. “పేరేదన్నా?” అన్నాది. ఇలాటి పుస్తకాల్లో పేర్లు వెయ్యరంట, మీరే రాసినారని సెప్పినాను. ఆ ఒకటి మీద యేలు పెట్టినాది. “ఆసుపత్రిలోనూ ఆయన పేరు నేదు, ఇందులోనూ నేదు. మరి ఈయన ఎక్కడ సచ్చిపోనాడన్నా?” అన్నాది.

మా ఓల్లలో ఆడది మొగుడి పేరు నోట అనదమ్మా, పేనం పోయినా అనదు. అది లేసి ఎల్లి పెన్ను తెచ్చి నా సేతిలో పెట్టినాది. “బైరాగి” అన్నాది. మల్లీ గట్టిగా, ఈదిలోకి ఇనబడీలాగ, “బైరాగి. రాయన్నా” అన్నాది.

ఆ ఒకటి పక్కన రాసినాను. పేజీ మీకే తిప్పి పంపుతన్నాను. మీ ఆఫీసులో ఉన్న పుస్తకంలో అతికించండి.

కొండయ్య